దింపు రోజు ఎర్ర లైటు

"పచ్చగానే ఉంది కదండీ."

నాగసతీష్ ఆ మాట అనడం అది మూడోసారి. గోడకి బిగించిన ఫైబర్ బాక్సు ముందు చేతులు కట్టుకుని నిలబడి, అందులో నిమ్మళంగా వెలుగుతున్న పచ్చ లైటుని గడ్డంతో చూపించి మరీ అన్నాడు.

వీరదుర్గ కొబ్బరికాయల రాశి పక్కన నిలబడి ఉంది. చేతిలో ఒక కాయ ఉంది. ఆ కాయ రాశి మీదకి వెళ్తుందా, అతని మీదకి వస్తుందా అన్నది ఆమెకే ఇంకా తేలలేదు.

"ఇప్పుడు పచ్చగా ఉందండి. పొద్దున్న ఎర్రగా ఉంది. నాకు కళ్ళున్నాయి."

"లేవని నేనన్లేదండి. ఎర్ర లైటు వచ్చిందంటే వైరు ఎక్కడో తెగినట్టు లెక్క. తెగిన వైరు దానంతటది అతుక్కోదు కదండీ."

"అంటే నేను అబద్ధం చెప్తున్నాననా?"

"వైరు అబద్ధం చెప్పదంటున్నానండి."

కాయ ఠప్పున రాశి మీద పడింది. దాని కింద కాయలు రెండు జారి, దొర్లుకుంటూ వెళ్ళి అతని బూటుకి తగిలి ఆగాయి. నాగసతీష్ వాటిని చూశాడు, ఆమెని చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

దుర్గకి కోపం కొత్త కాదు. కానీ దాన్ని ఖర్చుపెట్టే పద్ధతి ఒకటి ఉండేది ఆమెకి. కూలీల మీద, లారీ డ్రైవర్ల మీద చిల్లరగా చల్లేసేది కాదు. దాచుకుని, సరైన బేరం వచ్చినప్పుడు ఒక్కసారే దించేది. అటువంటిది, ఈ ఫైబర్ మనిషి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె గోడౌను రోజూ ఖాళీ అవుతోంది.

"మొన్నా ఇలాగే చెప్పేరు మీరు. సరిగ్గా నాగపూర్ సేఠు కాయలు చూడ్డానికి వీడియో కాల్ చేసే వేళకి ఎర్ర లైటు. మీరు బండి దిగే వేళకి పచ్చ లైటు. మిమ్మల్ని చూస్తే దానికి సిగ్గా?"

"దానికి సిగ్గో భయమో నాకు తెలీదండి. నాకు మాత్రం పని ఉంది. అల్లవరంలో రెండు ఇళ్ళకి కనెక్షన్ ఇవ్వాలి."

"ఇవ్వండి, ఇవ్వండి. వాళ్ళకీ ఇలాంటిదే ఇవ్వండి."

అతను బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. బండి ఇంకా గేటు దాటలేదు, దుర్గ ఫోన్ టింగుమంది. 'మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?'

సున్నా ఇచ్చే వీలుందేమోనని వెతికింది. లేదు. ఒకటి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు వేలు ఎంత గట్టిగా నొక్కిందంటే, స్క్రీను పగల్లేదంటే అది ఫోన్ తయారుచేసినవాడి గొప్పతనం.

లోపల మడత కుర్చీలో కూర్చున్న మంగరాజు గారు పేపరు కిందకి దించారు. ఆయన దుర్గ తండ్రి. నిరుడు లారీ మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ ఆయన వ్యాపారం అంతా ఆ కుర్చీలోంచే.

"సేఠు ఏమన్నాడమ్మా?"

"ఇంకొక్కసారి చూస్తానన్నాడు నాన్నా."

"ఆ తర్వాత?"

దుర్గ దొర్లిపోయిన కాయలు ఏరి రాశి మీద వేసింది. ఆ తర్వాత ఏమిటో ఇద్దరికీ తెలుసు.

అంబాజీపేట రోడ్డు మీద వాళ్ళ కొబ్బరి డిపో. ముందు డిపో, దాని వెనకే ఇల్లు, ఇంటి వెనక తోట. మంగరాజు గారికి కాలు విరగ్గానే, పక్క డిపో కొండలరావు పరామర్శకి యాపిల్ పళ్ళతో వచ్చి, వెళ్తూ వెళ్తూ డిపో అద్దెకిస్తారా అని అడిగాడు. దుర్గ అడ్డం తిరిగింది. "నేను నడుపుతాను" అంది. తండ్రీకూతుళ్ళ మధ్య అప్పుడొక ఒప్పందం కుదిరింది. నాగపూర్ సేఠుని ఈ సీజనంతా నిలబెట్టుకుంటే డిపో దుర్గది. సేఠు జారిపోతే డిపో కొండలరావుకి, దుర్గ రాజోలు సంబంధానికి. పెళ్ళికొడుకు ఫోటో అప్పటికే అల్మారాలో ఉంది. కుర్రాడు బాగానే ఉన్నాడు గాని, డిపోలో కూర్చున్న ఆడపిల్ల తమ ఇంటా వంటా లేదని వాళ్ళమ్మ ముందే చెప్పేసింది.

సేఠు పాత మనిషే. కానీ ఆ మధ్య ఎవరో నిల్వ కాయల మీద కొత్త కాయలు పరిచి లారీ పంపిస్తే నష్టపోయాడు. అప్పటి నుంచీ, చెట్ల మీంచి కాయల దింపు తీసిన పొద్దున్నే వాటిని వీడియోలో చూస్తేగాని లారీ కదలనివ్వడం లేదు. చెట్ల మధ్య డిపోలో సెల్ సిగ్నల్ మాటల వరకే చాలుతుంది, బొమ్మ ఆగిపోతుంది. అందుకే ఫైబర్ పెట్టించింది దుర్గ. ఇప్పుడు రెండు దింపులకి రెండుసార్లూ సేఠుకి కనిపించినది గుండ్రంగా తిరిగే చక్రం ఒక్కటే.

ఆ వైరు వేసిన రోజు మాత్రం ఇద్దరూ బాగానే ఉన్నారు.

కంపెనీ స్తంభాలు రోడ్డు మలుపు దగ్గరే ఆగిపోయాయి. కొత్త స్తంభం పాతాలంటే అనుమతి రావాలి, అది ఎప్పుడొస్తుందో నాగసతీష్ చెప్పలేనన్నాడు. దుర్గ తోట వెనకగా వెళ్ళే రోడ్డు వైపు చూపించి, "మా తోట ఉంది కదండీ, చెట్టూ చెట్టుకీ కట్టుకుంటూ వచ్చేయండి" అంది. అతను నిచ్చెన ఎక్కాడు. పట్టుకునే మనిషి లేక ఆమే నిచ్చెన పట్టుకుంది. చిన్న జల్లు పడుతోంది. మట్టల మీంచి జారిన చినుకులు అతని చొక్కా మీద, అక్కణ్ణించి ఆమె నుదుటి మీద.

"దీని మీద గెల పడితేనో?" అని కిందనుంచి అడిగింది.

అతను కిందకి చూశాడు. అంత వరకూ వైరుని తప్ప దేన్నీ సరిగా చూడనివాడు, అప్పుడు చూశాడు.

"గెలేంటండీ, మా వైరు మీదకి లారీ ఎక్కినా ఏం కాదండి!"

దుర్గ పకపకా నవ్వింది. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టింది కాబట్టి, సరుకు అమ్మేవాడు ఎక్కడ కోతలు మొదలుపెడతాడో ఆమెకి తెలుసు. ఆ నవ్వుకి నాగసతీష్ ఒక మెట్టు తప్పి, కొబ్బరిచెట్టుని కావలించుకుని నిలదొక్కుకున్నాడు. అది చూసి ఇంకా నవ్వింది.

నవ్వింది గాని, అమ్మేవాడి మాట నమ్మి జాగ్రత్త మానుకునే రకం కాదు దుర్గ. తన జాగ్రత్త తను తీసుకుంది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

*

ఒక్క స్టారు ఇచ్చిన మర్నాడు, వాన దంచి కొడుతుండగా నాగసతీష్ ముద్దగా తడిసి డిపోలోకి వచ్చాడు. ఈసారి బ్యాగు లేదు.

"నేను కంప్లెయింట్ ఇవ్వలేదే?" అంది దుర్గ.

"మీరివ్వలేదండి. నేనే ఇవ్వడానికొచ్చేను. ఒక్క స్టారేంటండీ?"

"రెండోది ఇవ్వడానికి కారణం దొరకలేదండి."

"మూడేళ్ళు మస్కట్‌లో ఇదే పని చేసేనండి నేను. ఎండకి బూట్లు కరిగిపోయే చోట. ఒక్కడు కూడా ఒక్క స్టారు ఇవ్వలేదండి నాకు."

"అక్కడ ఎర్ర లైటు వస్తే ఎర్రగానే ఉండేదేమో. ఇక్కడ మిమ్మల్ని చూసి రంగు మారుస్తోంది."

"ఇలాంటివి ఇంకో రెండు పడితే ఈ రూటు నా దగ్గర్నుంచి తీసేస్తారండి. తెలుసాండి మీకు?"

"సేఠు ఇంకొక్కసారి లైను కట్ చేస్తే నా దగ్గర్నుంచి డిపోయే తీసేస్తారండి. తెలుసాండి మీకు?"

నాగసతీష్ జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. ఈలోగా దుర్గ తల్లి సూర్యకాంతం గారు పళ్ళెం పట్టుకుని వచ్చారు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, పక్కన చట్నీ.

"బాబూ, తడిసిపోయేవు. ముందు ఇవి తిను. తిన్నాక దెబ్బలాడుకుందురు గాని."

"వద్దండీ."

"మా అమ్మాయి మీద కోపం పొట్టిక్కల మీద చూపించకు. అవేం చేసేయి పాపం?"

అతను కూర్చుని తిన్నాడు. దుర్గ ఎదురుగా నిలబడి తువ్వాలు విసిరింది. విసరడం వరకూ కోపమే. కానీ తువ్వాలు ఉతికినదాన్నే ఏరి విసిరింది.

సూర్యకాంతం గారు ఆగే మనిషి కాదు. డిపో సంగతి, కొండలరావు సంగతి, రాజోలు సంబంధం సంగతి చట్నీ వడ్డించినంత ధారాళంగా వడ్డించేశారు. నాగసతీష్ తినడం ఆపి విన్నాడు. రాజోలు దగ్గర అతనికి పొలమారింది.

"అమ్మా, లోపలికెళ్ళు" అంది దుర్గ.

"ఆయ్, వెళ్తున్నానమ్మా. నాకేం తెలుసు, నేనేమన్నాను?"

ఆవిడ వెళ్ళిపోయారు. నాగసతీష్ చెయ్యి తుడుచుకుని మెల్లిగా అన్నాడు.

"మా ఆఫీసులో ఏమనుకుంటున్నారో తెలుసాండి?"

"ఏమనుకుంటున్నారు?"

"ఏ ప్రాబ్లెమూ లేకుండానే మీరు కంప్లెయింట్ ఇస్తున్నారంటండి. నేను రావాలని."

అది చెప్పకపోయినా గడిచిపోయేది. చెప్పిన మరుక్షణం అతనికీ ఆ సంగతి అర్థమైంది. కానీ మాట అప్పటికే డిపో దాటిన లారీ అయింది.

దుర్గ మొహం ఎర్ర లైటు కంటే ఎర్రబడింది.

"మీ మొహం చూడ్డానికి నేను నాగపూర్ సేఠుని వదులుకుంటానా? ఎంత పలుకుతుందండీ మీ మొహం? ఏ మార్కెట్లో పలుకుతుంది?"

"నేనన్లేదండి, వాళ్ళన్నారంటున్నాను!"

"వాళ్ళంటే మీరు కాదనలేకపోయేరా?"

నాగసతీష్ తల దించుకున్నాడు. కాదనలేకపోయినవాడి తల దించుకోవడం వేరు, కాదనడం ఇష్టం లేనివాడి తల దించుకోవడం వేరు. మనుషుల్ని చూసి సరుకు ధర చెప్పే దుర్గకి ఆ తేడా ఇట్టే తెలిసేది. ఆ పూట మాత్రం కోపం అడ్డం వచ్చి సరిగ్గా తూచలేదు.

"సరేనండి" అన్నాడతను లేచి. అతనికీ పౌరుషం వచ్చింది. "మళ్ళీ దింపు ఎప్పుడు?"

"శుక్రవారం."

"శుక్రవారం తెల్లారేసరికి ఇక్కడుంటాను. ఆ బాక్సు ముందే కూర్చుంటాను. సేఠు ఫోన్ పెట్టేసే వరకూ కదల్ను. ఎర్ర లైటు రాకపోతే ఆ ఒక్క స్టారు తీసేసి ఐదిస్తారా?"

"వస్తే?"

"వస్తే మీరేం చెప్తే అది."

"వస్తే మీ ఆఫీసుకొచ్చి, అందరి ముందూ, 'ఈవిడ చెప్పినది నిజం, నేను చెప్పినది అబద్ధం' అనాలి."

"అంటానండి."

"గట్టిగా అనాలి."

"మైకు పెట్టించమంటారా?"

అతను వానలోకి నడిచాడు. తువ్వాలు మెడ మీదే ఉండిపోయింది. దుర్గ పిలిచి అడగలేదు. ఆమె దగ్గర్నుంచి సరుకు లెక్కా పత్రం లేకుండా గేటు దాటడం అదే మొదటిసారి.

*

శుక్రవారం. నాగసతీష్ చెప్పినట్టే వచ్చాడు. తువ్వాలు ఉతికి, మడత పెట్టి తెచ్చాడు. ఆమె పుచ్చుకుని భుజాన వేసుకుంది. స్టూలు లాక్కుని బాక్సు ముందు కూర్చున్నాడు. లైటు పచ్చగా ఉంది. మంగరాజు గారు కుర్చీలోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

తోటలో అవతలి కొస నుంచి దింపు మొదలైంది. గెలలు దభీదభీమని పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. దుర్గ టేబులు మీద ఫోన్ నిలబెట్టింది. ముందుగా వచ్చిన కాయల్ని వరసగా పేర్పించింది.

సేఠు ఫోన్ మోగింది. నాగపూర్ కొట్టులో గద్దె మీద కూర్చున్న సేఠు మొహం స్పష్టంగా కనిపించింది. నాగసతీష్ గర్వంగా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"నమస్తే బేటీ. ఆజ్ దిఖ్ రహా హై, బాగా కనిపిస్తోంది. చూపించు మాల్."

"నమస్తే సేఠ్‌జీ. ఇవిగోండి, ఈ పొద్దున్న దింపినవే..."

సేఠు మొహం ఆగిపోయింది. సగం మూసిన కన్నుతో, సగం తెరిచిన నోటితో ఆగిపోయింది. చక్రం తిరగడం మొదలైంది.

దుర్గ మెల్లిగా తల తిప్పింది. నాగసతీష్ అప్పటికే స్టూలు మీంచి లేచి, బాక్సు వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఎర్ర లైటు.

"ఏ రంగండీ అది?" అంది దుర్గ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. మంగరాజు గారు కుర్చీలో సర్దుకున్నారు. కూతురి గొంతు అలా నెమ్మదించడం కంటే అరవడమే నయమని ఆయనకి అనుభవం.

నాగసతీష్ వైరు పట్టుకుని బయటికి పరిగెత్తాడు. గోడ వెంట, మోటారు షెడ్డు మీదుగా, తోటలోకి. దుర్గ అతని వెనకే పరిగెత్తింది.

"ఆగండి! రంగు చెప్పి వెళ్ళండి!"

మోటారు షెడ్డు దాటాక మొదటి చెట్టు దగ్గర అతను టక్కున ఆగిపోయాడు. ఆమె వచ్చి దాదాపు అతన్ని గుద్దుకుంది.

వైరు ఎక్కడా తెగలేదు. గెల దాని మీద పడనేలేదు. గాలిలో వేలాడవలసిన వైరుని ఎవరో కిందకి లాగి, చెట్టు మొదలుకి ఆనించి, మడిచి, మడత మీద మడత వేసి, పచ్చి కొబ్బరాకు మెలిపెట్టి బిగించి కట్టారు. పెయ్యకి పలుపు చుట్టినంత ఒద్దికగా కట్టారు. తర్వాతి చెట్టుకీ అంతే. దాని తర్వాత చెట్టుకీ అంతే.

"ఎవడు కట్టేడు ఇది?" అని కేకేశాడు నాగసతీష్.

పైనుంచి జవాబు వచ్చింది. దింపు తీసే ఇశ్రాయేలు కాళ్ళకి చెట్టెక్కే తాడు బందం వేసుకుని, చేత్తో కత్తి పట్టుకుని మొవ్వులోంచి తొంగి చూశాడు.

"నేనేనండీ! ఎలా ఉందండీ ముడి?"

"ఎందుకు కట్టేవు?"

"గెల పడి దెబ్బ తగలకుండానండి. ఈ వైరున్న చెట్లు ఎక్కే ముందు మడిచి కట్టేస్తాను, అయిపోయేక మళ్ళీ విప్పేసి ఎలా ఉన్నది అలాగే వదిలేస్తాను. మీ వైరు మీద చిన్న గీత కూడా పడనివ్వలేదండి!"

"ఎవరు చెప్పేరు నీకు ఇలా కట్టమని?"

ఇశ్రాయేలు ఇందులో అంత ఆలోచించడానికి ఏముందన్నట్టు కత్తితో కిందకి చూపించాడు.

"అమ్మాయి గారేనండి."

నాగసతీష్ మెల్లిగా వెనక్కి తిరిగాడు. దుర్గ చెట్టు మొదట్లో ముడిని చూస్తోంది. కరెంటు వైరుని పక్కకి లాగి కట్టమన్నట్టే చెప్పింది తను. ప్రతి దింపుకీ మర్చిపోకుండా గుర్తు చేసింది కూడా.

"ఫైబర్‌లో గాజు ఉంటుందండి" అన్నాడతను, పళ్ళు బిగించి. "వెలుగు దాంట్లోంచి పోవాలి. ఇలా మడత పెడితే వెలుగు మడత దగ్గరే ఆగిపోతుంది. విప్పితే మళ్ళీ పోతుంది. పొద్దున్న ఎర్ర, మధ్యాహ్నం పచ్చ. మీ జాగ్రత్తకి దణ్ణమండి! నాకు ఒక్క స్టారు ఇప్పించింది ఈ జాగ్రత్తేనండి!"

తప్పు తనదే అయినప్పుడు వచ్చే కోపం మామూలు కోపానికి రెండింతలు ఉంటుంది. ఎవరి మీద దించాలో తెలీదు కాబట్టి.

"మడిస్తే పోతుందని ముందే ఎందుకు చెప్పలేదు మీరు?"

"మీరడగలేదు!"

"అడిగేను! నిచ్చెన పట్టుకుని అడిగేను, గెల పడితేనో అని! ఏం చెప్పేరు? లారీ ఎక్కినా ఏం కాదని చెప్పేరు! మీరు కోతలు కొయ్యకుండా, 'దింపుకి ముందు నాకు కబురు చెయ్యండి, నేను చూసుకుంటాను' అంటే నేను ముడి కట్టించేదాన్నా?"

"కోతలే! ఒప్పుకుంటున్నాను, కోతలే!"

"ఎందుకు కోసేరు?"

"మీరు పైకి చూసేరు కాబట్టి!"

"పైకి చూస్తే?"

"చినుకు మీ నుదుటి మీద పడింది! నాకు తెలిసినదంతా మర్చిపోయేను! నోటికేదొస్తే అది అనేసేను, మీరు నవ్వేరు! నవ్వినాక మళ్ళీ దాన్ని సరిచేసి నవ్వు పోగొట్టుకోమంటారా?"

పైన ఇశ్రాయేలు కోయబోయిన గెలని కొయ్యకుండా కత్తి ఆపేశాడు.

బేరంలో ఎదుటివాడు ఒక్కసారిగా ధర మొత్తం చెప్పేస్తే ఏం చెయ్యాలో దుర్గకి ఎవరూ నేర్పలేదు.

"ముందు వైరు విప్పు" అంది. 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

ఇద్దరూ చెరో చెట్టు దగ్గరా వంగి ముడులు విప్పుతుండగా, చేతికర్ర టకటకలాడించుకుంటూ మంగరాజు గారు వచ్చారు. మోకాలు విరిగాక ఆయన తోటలోకి రావడం అదే మొదలు. ఆయన చేతిలో దుర్గ ఫోన్ ఉంది.

"సేఠు మామూలు కాల్ చేసేడు. ఇంక మన దగ్గర చూడను, కొండలరావుని అడుగుతానన్నాడు. ఎవరిదమ్మా తప్పు?"

"నాదండి" అన్నాడు నాగసతీష్, దుర్గ నిటారుగా లేచేలోపే. "మా వైరు సరిగా వెయ్యలేదండి. మీ అమ్మాయి గారి తప్పేం లేదు. కావాలంటే సేఠు గారికి నేనే చెప్తాను."

ఆ మాటతో దుర్గ పని సులువైపోయేది. కంపెనీ తప్పంటే తండ్రి ఇంకో అవకాశం ఇచ్చేవాడు. అతను మాత్రం రూటు పోగొట్టుకునేవాడు. ఆ సంగతి తెలిసే ఇస్తున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నేనడిగేనా?" అంది అతని మీదకి వెళ్ళి. "నా తప్పు నువ్వు కొనుక్కోడానికి నేను అమ్మకానికి పెట్టేనా? నాన్నా, అతను అబద్ధం చెప్తున్నాడు. ఇశ్రాయేలుకి చెప్పి ముడి కట్టించింది నేనే. రెండుసార్లు అతన్ని పిలిచి తిట్టింది నేనే. ఒక్క స్టారు ఇచ్చింది నేనే. ఇదంతా విన్నాక డిపో కొండలరావుకి ఇస్తానంటే ఇచ్చేయండి. ఇతని ఉద్యోగం ఊడగొట్టి వచ్చిన డిపో నాకక్కర్లేదు."

మంగరాజు గారు చేతికర్ర మీద బరువు మార్చుకున్నారు. "ఇన్నాళ్ళూ వ్యాపారం చేతకాదేమోనని భయపడ్డాను" అన్నారు. "అది కాదు నీ లోటు. నీ లోటేంటంటే, చేతికొచ్చిన లాభం మొహాన కొడతావు." అని ఫోన్ ఆమె చేతిలో పెట్టారు. "పడ్డ చోట లెయ్యి. సేఠు ఇంకా కొండలరావుకి ఫోన్ చేసి ఉండడు."

దుర్గ డయల్ చేసింది. కంగారులో స్పీకరు నొక్కింది.

"సేఠ్‌జీ, తప్పు నాదేనండి. దింపు తీస్తూ వైరు మడిచి కట్టించేను. ఇప్పుడు విప్పేం. ఒక్క పావుగంట ఇవ్వండి. ఈసారి డిపోలో పేర్చిన కాయలు కాదు..." ఆమె చెట్టు పైకి చూసింది. ఇశ్రాయేలు ఇంకా అక్కడే గెల పక్కన కూర్చుని ఉన్నాడు. "చెట్టు మీంచి దిగే కాయలే చూపిస్తాను. ఎవడు ఏ నిల్వ కాయ కలుపుతాడో మీరే చూడండి."

"ఠీక్ హై బేటీ. పావుగంట."

ఆమె నాగసతీష్ వైపు తిరిగింది. అడగలేదు. చూసింది అంతే.

"డిపోలో బాక్సు సిగ్నల్ ఇక్కడి దాకా అందదు" అన్నాడతను. అంటూనే పరిగెత్తాడు. బాక్సుని గోడ మీంచి ఊడబీకి తెచ్చాడు. మోటారు షెడ్డులో కరెంటు ఉంది. షెడ్డు దగ్గర వైరుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కటింగ్ ప్లయర్ తీశాడు. ఇన్నాళ్ళూ తెగలేదని వాదించిన వైరుని తనే కోశాడు. కొస చెక్కి, తుడిచి, కనెక్టరు బిగించి, బాక్సుకి గుచ్చాడు. అతని వేళ్ళు అంత నిబ్బరంగా కదలడం దుర్గ అంతకు ముందు చూడలేదు. తిట్టే పనిలో ఉండి, వేళ్ళ దాకా ఎప్పుడూ రాలేదు.

ఎర్ర లైటు ఒకసారి కొట్టుకుంది.

పచ్చ.

"అమ్మాయి గారూ, నేను కొయ్యొచ్చాండీ? కాళ్ళు తిమ్మిరెక్కిపోయేయి!" అని ఇశ్రాయేలు పైనుంచి అరిచాడు.

"ఉండు మావయ్యా, సేఠు గారు చూడాలి!"

సేఠు చూశాడు. ఇశ్రాయేలు కత్తి ఒక్క వేటు వేస్తే గెల గాలిలో తిరిగి, తడి నేల మీద దభేలుమని పడి, కాయలు నాలుగు వైపులా దొర్లాయి. దుర్గ ఒక కాయ తీసి, చెవి దగ్గర ఆడించి, పీచు వొలిపించి, పగలగొట్టించి ఫోన్ ముందు పెట్టింది. ఫోన్ పట్టుకుని వెనక నడుస్తున్నది నాగసతీష్.

"కొంచెం పైకి పట్టుకో."

"పైకే పట్టుకున్నాను."

"నా మొహం కాదు, కాయ చూపించు!"

"కాయే చూపిస్తున్నాను, నువ్వే అడ్డొస్తున్నావు!"

ఫోన్‌లోంచి సేఠు నవ్వు వినిపించింది. పొట్ట ఊగుతున్న నవ్వు. "చాలు చాలు. ఇంత తాజా మాల్ నేను దుకాణం పెట్టేక చూడలే. లారీ పంపించు బేటీ. ఇకమీద నాకు ఇలాగే చెట్టు కింద నుంచే చూపించాలి." ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఫోన్ పట్టుకున్న ఆ అబ్బాయి, నువ్వు... మియా బీవీయా? మొగుడూ పెళ్ళామా?"

"కాదు సేఠ్‌జీ!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"అచ్ఛా" అన్నాడు సేఠు, అస్సలు నమ్మనట్టు. చెట్టు మీద ఇశ్రాయేలు కూడా నమ్మలేదు. అది అతని నవ్వు చప్పుడులో తెలిసింది. మంగరాజు గారు మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ ఇంటి దారి పట్టారు.

*

అనుమతి వచ్చి, రోడ్డు మలుపు నుంచి కొత్త స్తంభాలు పడ్డాయి. వైరు చెట్లని వదిలి రోడ్డు వెంట వచ్చింది. మోటారు షెడ్డులో దింపు రోజుల కోసం ఇంకో బాక్సు పెట్టారు. రాజోలు ఫోటోని సూర్యకాంతం గారు కవర్లో పెట్టి మర్యాదగా వెనక్కి పంపించేశారు. కొండలరావు ఈసారి పరామర్శకి రాలేదు.

నాగసతీష్ ఆఫీసుకి వెళ్ళి, ఒప్పుకున్నట్టే అందరి ముందూ 'ఆవిడ చెప్పినది నిజం' అన్నాడని దుర్గకి తెలిసింది. గట్టిగానే అన్నాడట. అన్న తర్వాత మాత్రం రాలేదు. రావడానికి కారణం లేదు. లైటు పచ్చగా ఉంది. దుర్గ రోజూ పొద్దున్నే ఆ లైటు వైపు చూసేది, అది పచ్చగా ఉన్నందుకు చిరాకు పడేది.

ఒక సాయంత్రం, దింపూ లేదు సేఠూ లేడు, ముసురు పట్టి ఉంది. నాగసతీష్ బండి డిపో ముందు కీచుమని ఆగింది. అతను బ్యాగుతో లోపలికి దూసుకొచ్చాడు.

"ఎర్ర లైటు వచ్చిందని కంప్లెయింట్! మళ్ళీ ఎవరు మడిచేరు?"

దుర్గ కాయలు లెక్కపెట్టడం ఆపలేదు. అతను బాక్సు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఒంగి చూశాడు. వేలితో తట్టి చూశాడు.

"పచ్చగానే ఉంది కదా?"

"ఆయ్. పచ్చగానే ఉంది."

"మరి కంప్లెయింట్ ఎవరిచ్చేరు?"

"నేనే."

"లైటు బాగుంటే ఎందుకిచ్చేవు?"

అప్పుడు దుర్గ కాయ కింద పెట్టి లేచింది. ఇన్నాళ్ళు దాచిన సరుకంతా ఒక్కసారే దించింది.

"ఎందుకా? చెట్టు కింద నిలబడి చినుకనీ నుదురనీ నవ్వనీ ఇశ్రాయేలు మావయ్య చెవిలో కూడా పడేలా అరిచి, ఆ తర్వాత మనిషే కనిపించకుండా పోతే, నేనేం చెయ్యాలి? ఎర్ర లైటు వస్తేనే వస్తావా? పచ్చగా ఉన్నంతకాలం రావా? మీ ఆఫీసులో అనుకున్నది నేనే నిజం చెయ్యాల్సొచ్చింది! సిగ్గులేదూ?"

నాగసతీష్ చేతిలోంచి బ్యాగు జారింది. మొహం మాత్రం మెల్లమెల్లగా వెలిగింది.

"ఉంది" అన్నాడు. "అందుకే రాలేదు. రోజూ మలుపు దాకా వచ్చి స్తంభం చూసి వెళ్తున్నాను."

"స్తంభాన్నా?"

"స్తంభం దగ్గర్నుంచి డిపో కనిపిస్తుంది."

దుర్గ ఏదో గట్టిగా అనబోయింది. ఆమె గోడౌనులో ఎంత దించినా మళ్ళీ నిండే కోపం, ఆ క్షణాన నేల కనిపించేలా ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి నవ్వు వచ్చింది, నిచ్చెన కింద నవ్విన నవ్వే.

లోపల్నుంచి పేపరు మడిచిన చప్పుడు, వెంటనే మంగరాజు గారి గొంతు.

"సతీష్ బాబూ! ఆదివారం మీ నాన్నగార్ని తీసుకురా. లైటు ఏ రంగులో ఉన్నా సరే!"

"పొట్టిక్కలు చేస్తాను!" అని వంటింట్లోంచి సూర్యకాంతం గారు.

నాగసతీష్ తల గోక్కున్నాడు. "ఆయ్, తీసుకొస్తానండి" అన్నాడు లోపలికి వినబడేలా. తర్వాత గొంతు తగ్గించి, "మరి ఆ ఒక్క స్టారు?" అన్నాడు.

దుర్గ ఫోన్ తీసింది. నొక్కింది. అతనికి చూపించింది. నాలుగు.

"ఐదోదేది?"

"ఉంచుకున్నాను" అంది తువ్వాలు అతని మొహాన విసిరి. "అన్నీ ఇప్పుడే ఇచ్చేస్తే, రేపెందుకొస్తావు?"